పెరటి గుమ్మం... మూడు తీగలు!

ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉన్న కంప్యూటర్‌ మొండికేసింది. నెట్‌వర్క్‌ లేదు. మౌస్‌ కదలదు. తెర మీద ఏం కనిపిస్తోందో చెప్పే మనిషి లేడు. అప్పుడేంటి దారి? అరవై ఏళ్లు దాటిన ఓ పాత పద్ధతి ఉంది. దానికి కావాల్సింది మూడంటే మూడు తీగలు. పేరు... సీరియల్‌ కనెక్షన్‌!

2021 అక్టోబరు 4, సోమవారం. రాత్రి తొమ్మిది దాటింది. మనవైపు భోజనాలయిపోయి, అమెరికాలో ఉన్న పిల్లల వీడియో కాల్‌ కోసం పెద్దవాళ్లు ఫోన్‌ పట్టుకుని కూర్చునే వేళ. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌ ఆగిపోయింది. ఫేస్‌బుక్‌ తెరుచుకోలేదు. ఇన్‌స్టాగ్రామ్‌ గిర్రున తిరుగుతూనే ఉంది. ‘మా ఫోనే పాడైందా, మీదీ అంతేనా?’ అని పక్కింటి వాళ్లను అడిగినవాళ్లు, ఫోన్‌ ఆపి మళ్లీ ఆన్‌ చేసినవాళ్లు ఎందరో.

పాడైంది ఫోన్లు కావు. ఫేస్‌బుక్‌ డేటా సెంటర్లన్నింటినీ కలిపే ప్రధాన నెట్‌వర్క్‌లో సాధారణ నిర్వహణ పనేదో చేస్తూ ఇంజినీర్లు ఓ కమాండ్‌ ఇచ్చారు. ఆ నెట్‌వర్క్‌ ఎంత బరువు మోయగలదో లెక్క చూడ్డం దాని ఉద్దేశం. కానీ అది కాస్తా డేటా సెంటర్ల మధ్య ఉన్న లింకులన్నింటినీ తెంచేసింది. ఇలాంటి తప్పుడు కమాండ్లను అడ్డుకోవాల్సిన సాఫ్ట్‌వేర్‌లోనూ లోపం ఉండటంతో అదీ ఆపలేకపోయింది. ఫలితం... సుమారు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆ సేవలు బంద్‌!

తప్పు జరిగిందని ఇంజినీర్లకు వెంటనే తెలిసింది. మరి దిద్దడానికి ఆరు గంటలెందుకు? ఎందుకంటే, దిద్దాలంటే ఆ యంత్రాల్లోకి వెళ్లాలి. వెళ్లాల్సిన దారి పడిపోయిన ఆ నెట్‌వర్కే. ఇలాంటి ఆపద కోసమే విడిగా పెట్టుకున్న రెండో దారి కూడా ఆ రోజు పనిచేయలేదని కంపెనీయే తర్వాత చెప్పుకుంది. చివరికి మనుషుల్ని డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది. తాళంచెవి ఇంట్లోనే ఉండిపోయి, తలుపు గడియ పడిపోతే ఎలా ఉంటుందో... సరిగ్గా అలాంటి పరిస్థితి!

ముందు తలుపు మూసుకుపోతే...

పూర్వం మన ఇళ్లకు వీధి గుమ్మంతో పాటు పెరటి గుమ్మం తప్పనిసరిగా ఉండేది. చుట్టాలూ పక్కాలూ వీధి వైపు నుంచే వస్తారు. పెరటి గుమ్మం ఇంటివాళ్ల కోసం. వీధి తలుపు బిగుసుకుపోయినా అటు తిరిగి లోపలికి వెళ్లొచ్చు.

పెద్ద పెద్ద కంప్యూటర్లకూ ఇలాంటి పెరటి గుమ్మమే ఉంటుంది. ఇంటర్నెట్‌ వీధి గుమ్మం. మన ఫోన్లూ బ్యాంకులూ రైలు టికెట్లూ అన్నీ అటు నుంచే వెళతాయి. సీరియల్‌ పోర్టు పెరటి గుమ్మం. అందులోంచి బొమ్మలు రావు, వీడియోలు రావు. వచ్చేవి ఉత్త అక్షరాలే. కానీ ఆ అక్షరాలతోనే కంప్యూటర్‌ని అదుపులోకి తెచ్చుకోవచ్చు. అసలు జబ్బేంటో దాని నోటితోనే చెప్పించొచ్చు.

‘ఈ కాలంలో ఇంకా ఆ పాత పద్ధతేనా?’ అనుకుంటున్నారా? దాని బలమంతా ఆ పాతదనంలోనే ఉంది. నెట్‌వర్క్‌ పనిచేయాలంటే కంప్యూటర్‌లో ఎన్నో సాఫ్ట్‌వేర్లు వరసగా మేల్కోవాలి. అడ్రసు దొరకాలి, దారులు తెలియాలి, పేర్లు గుర్తుపట్టాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అంతా ఆగిపోతుంది. సీరియల్‌ పోర్టుకు అవేమీ అక్కర్లేదు. కంప్యూటర్‌కి కరెంటు అందిన కాసేపటికే అది మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆపరేటింగ్‌ సిస్టమ్‌ కుప్పకూలిపోతున్నా సరే, వీలైనంత వరకూ ‘ఇదిగో, ఇక్కడ దెబ్బ తగిలింది’ అంటూ ఆఖరి మాట అందులోంచే చెబుతుంది.

నోటికి చెవి... చెవికి నోరు

ఇంతకీ ఆ మూడు తీగలు ఏం చేస్తాయి? ఒకటి పంపడానికి. రెండోది అందుకోవడానికి. మూడోది రెండు యంత్రాలకూ ఉమ్మడిగా ఉండే ఎర్త్‌ లాంటిది. అంతే!

కంప్యూటర్‌కి తెలిసినవి సున్నా, ఒకటి మాత్రమేనని చిన్నపిల్లలకీ తెలుసు. ఇంగ్లిష్‌ పెద్దబడి ‘ఎ’ అక్షరాన్ని అది 65 అనే అంకెగా గుర్తుపెట్టుకుంటుంది. ఎనిమిది సున్నాలూ ఒకట్లుగా రాసుకుంటుంది. వాటిని ఎనిమిది తీగల మీద ఒకేసారి పంపితే అది ప్యారలల్‌. పాత ప్రింటర్ల లావుపాటి కేబుల్‌ అదే. ఒకే తీగ మీద, ఒకదాని వెనక ఒకటిగా, రేషన్‌ షాపు ముందు క్యూలా పంపితే... సీరియల్‌!

అయితే ఓ చిక్కుంది. అవతలి కంప్యూటర్‌కి అక్షరం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలిసేదెలా? అందుకే ప్రతి అక్షరానికీ ముందు ‘మొదలుపెడుతున్నా’ అని ఒక బిట్టు, చివర ‘అయిపోయింది’ అని ఒక బిట్టు చేరుస్తారు. అంటే ఎనిమిది బిట్ల అక్షరానికి పది బిట్ల ప్రయాణం. మన తెలుగు ‘అ’కైతే ఖర్చు ఇంకాస్త ఎక్కువ. ఇప్పుడు వాడుకలో ఉన్న యూనికోడ్‌ పద్ధతిలో దాన్ని మూడు ముక్కలుగా పంపాలి. అంటే ముప్పై బిట్లు!

రెండు వైపులా వేగం ఒకటే ఉండటం ముఖ్యం. ఎక్కువగా వాడింది సెకనుకు 9600 బిట్లు. అంటే సెకనుకు 960 అక్షరాలు. చదువుకోవడానికి అది ధారాళం. కానీ సెల్‌ఫోన్‌లో తీసిన మూడు మెగాబైట్ల ఫొటోను ఇదే దారిలో పంపితే 50 నిమిషాలు దాటుతుంది! ఒకవైపు 9600, మరోవైపు ఇంకో వేగం పెడితే మాత్రం తెర మీద అర్థంపర్థం లేని గుర్తులు వచ్చిపడతాయి. ఒకరు గబగబా చెబుతుంటే మరొకరు నిదానంగా రాసుకున్నట్టన్నమాట.

కొత్తగా చేసేవాళ్లు తప్పే చోటు మరొకటుంది. ఇద్దరు మాట్లాడుకుంటే ఒకరి నోటి మాట రెండోవారి చెవికి చేరాలి కదా. ఇక్కడా అంతే. ఈ కంప్యూటర్‌ పంపే తీగ ఆ కంప్యూటర్‌ అందుకునే తీగకు కలవాలి. రెండు కంప్యూటర్లను నేరుగా కలిపేటప్పుడు ఇలా అడ్డంగా మార్చిన కేబుల్‌ వాడాలి. దాన్నే నల్‌ మోడెమ్‌ కేబుల్‌ అంటారు. మామూలు కేబుల్‌ పెట్టి గంటల తరబడి తల పట్టుకున్నవాళ్లకు లెక్కలేదు!

ఈ తీగల తీరుతెన్నుల్ని నిర్ణయించిన ప్రమాణం ఆర్‌ఎస్‌-232. అమెరికాలో 1960లో తొలిసారి వచ్చింది. పాత కంప్యూటర్ల వెనక తొమ్మిది సూదులతో కనిపించే చిన్న పోర్టు దీనిదే.

వంటింటి బల్ల మీద పుట్టి...

దూరాన ఉన్న యంత్రంతో మాట్లాడాలన్న ఆలోచన అంతకంటే పాతది. అమెరికాలోని బెల్‌ ల్యాబ్స్‌లో పనిచేసే జార్జ్‌ స్టిబిట్జ్‌ అనే గణితజ్ఞుడు 1937లో ఇంట్లో వంటింటి బల్ల మీద ఓ చిన్న లెక్కల యంత్రం తయారుచేశాడు. దానికి వాడిన సామాన్లేంటో తెలుసా? టెలిఫోన్‌ రిలేలు, టార్చిలైటు బల్బులు, పొగాకు డబ్బా నుంచి కత్తిరించిన రేకు ముక్కలు! వంటింట్లో పుట్టింది కాబట్టి దాని పేరులో ‘కిచెన్‌’కు గుర్తుగా ‘కె’ చేరింది.

ఆ బుల్లి యంత్రమే తర్వాత బెల్‌ ల్యాబ్స్‌లో పెద్ద లెక్కల యంత్రానికి దారితీసింది. 1940 సెప్టెంబరు 11న హానోవర్‌ పట్టణంలోని డార్ట్‌మత్‌ కాలేజీలో గణితవేత్తల సమావేశం జరిగింది. యంత్రమేమో న్యూయార్క్‌లో ఉంది. దాన్ని మోసుకెళ్లడం కుదరదు. స్టిబిట్జ్‌ ఏం చేశాడంటే, సమావేశం దగ్గర ఓ టెలిటైప్‌ పెట్టి, తీగల ద్వారా న్యూయార్క్‌ యంత్రానికి కలిపాడు. ఇక్కడ లెక్క టైపు చేస్తే అక్కడి యంత్రం చేసి జవాబు తిరిగి ఇక్కడే అచ్చేసింది. దూరాన ఉన్న లెక్కల యంత్రాన్ని అలా వాడటం అదే తొలిసారి. సభలో కూర్చుని చూసినవారిలో తర్వాతి రోజుల్లో ఎనియాక్‌ కంప్యూటర్‌ రూపకర్తల్లో ఒకడైన జాన్‌ మాక్లీ కూడా ఉన్నాడు.

అదే కాలేజీలో 1964లో జాన్‌ కెమెనీ, థామస్‌ కర్ట్జ్‌ అనే ఇద్దరు ఆచార్యులు ఒకే కంప్యూటర్‌ని ఎందరో విద్యార్థులు టెలిటైప్‌ల నుంచి ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేశారు. బేసిక్‌ భాష పుట్టింది అప్పుడే.

ఇంకో ముచ్చట. 1968లో సియాటిల్‌లోని లేక్‌సైడ్‌ అనే స్కూల్లో పిల్లల తల్లులు కలిసి పాత సామాన్ల అమ్మకం పెట్టారు. వచ్చిన డబ్బుతో ఓ టెలిటైప్‌ని, టెలిఫోన్‌ లైను మీద దూరంగా ఉన్న కంప్యూటర్‌ని కొన్ని గంటలు వాడుకునే వీలుని బడికి ఏర్పాటు చేశారు. సెకనుకు పది అక్షరాలు టకటకా కొట్టే ఆ యంత్రానికి అతుక్కుపోయిన పదమూడేళ్ల పిల్లాడే బిల్‌ గేట్స్‌! ఆ అమ్మలు పాత సామాన్లు అమ్మకపోతే ఏమయ్యేదో మరి.

ఆ టెలిటైప్‌ జ్ఞాపకం ఇప్పటికీ పోలేదు. లైనక్స్‌ కంప్యూటర్లో సీరియల్‌ పోర్టు పేరు ‘టీటీవై’తో మొదలవుతుంది. అది టెలిటైప్‌కి పొట్టి పేరే!

‘లింక్‌ లేదండీ!’

ఈ టెర్మినల్‌ని చూడని తెలుగువాళ్లు అరుదు. కాకపోతే అది టెర్మినల్‌ అని తెలియకపోవచ్చు. రైల్వే రిజర్వేషన్‌ కౌంటర్‌ గుర్తుందా? నల్లటి తెర, దాని మీద మెరిసే అక్షరాలు, పక్కనే గరగరమంటూ టికెట్‌ కొట్టే ప్రింటర్‌. గుమస్తా ముందున్నది చాలాచోట్ల అసలు కంప్యూటరే కాదు. ఉత్త తెర, కీబోర్డు. ఆయన కొట్టిన ప్రతి అక్షరం తీగల మీదుగా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌కి వెళ్లి, అక్కణ్నుంచి జవాబు వచ్చేది.

దేశంలో ఏ స్టేషన్‌ నుంచైనా ఏ రైలుకైనా టికెట్‌ ఇవ్వగలిగే ‘కాన్సర్ట్‌’ సాఫ్ట్‌వేర్‌ 1994లో మొదట అడుగుపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి దిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌ కేంద్రాలు అయిదూ ఒక్కటయ్యాయి. చిన్న ఊళ్ల కౌంటర్లు మోడెమ్‌ల ద్వారా ఆ కేంద్రాలతో మాట్లాడేవి. క్యూలో గంటసేపు నిలబడి కౌంటర్‌ దాకా వచ్చాక ‘లింక్‌ లేదండీ’ అని వినాల్సి వచ్చేది ఇందుకే. కౌంటర్లో తెర వెలుగుతూనే ఉంటుంది. మధ్యలో లైనే తెగింది!

ఎలా ఏర్పాటు చేస్తారు?

పని చెప్పుకున్నంత కష్టం కాదు. వరస తెలిస్తే చాలు.

మొదటిది, కంప్యూటర్‌ని ఒప్పించాలి. మామూలుగా అది తన మాటల్ని తెరకే పంపుతుంది. వాటిని సీరియల్‌ పోర్టుకూ పంపమని చెప్పాలి. చాలా సర్వర్లలో ఆన్‌ చేయగానే వచ్చే బయాస్‌ సెట్టింగుల్లోనే ఈ సదుపాయం ఉంటుంది. తర్వాత ఆపరేటింగ్‌ సిస్టమ్‌కీ విడిగా చెప్పాలి. లైనక్స్‌లో బూట్‌ అయ్యేటప్పుడు ఇచ్చే వరసలో పోర్టు పేరు, వేగం రాస్తే సరి.

రెండోది, గుమ్మం దగ్గర ఓ కాపలాదారు ఉండాలి. ఎవరైనా ఎంటర్‌ నొక్కగానే ‘ఎవరు మీరు? పాస్‌వర్డ్‌ ఏంటి?’ అని అడిగే ప్రోగ్రాం అది. ఇది లేకపోతే కంప్యూటర్‌ మాట్లాడటం వినపడుతుంది కానీ, మన మాట అది వినదు.

మూడోది, ఇవతలి వైపు. ల్యాప్‌టాప్‌లో పుట్టీ, మినికామ్‌ లాంటి ప్రోగ్రాం ఒకటి తెరిచి, అవతల పెట్టిన వేగమే ఇక్కడా పెట్టాలి. కొత్త ల్యాప్‌టాప్‌లకు తొమ్మిది సూదుల పోర్టు ఉండదు కాబట్టి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్‌ కొనాలి. ఎంటర్‌ నొక్కండి. తెర మీద ‘లాగిన్‌’ అని పడిందా... పెరటి గుమ్మం తెరుచుకున్నట్టే!

ఆర్‌ఎస్‌-232 కేబుల్‌ సాధారణంగా 15 మీటర్ల లోపే బాగా పనిచేస్తుంది. మరి దూరం నుంచి ఎలా? పూర్వం ఆ పోర్టుకి మోడెమ్‌ తగిలించి, దానికి టెలిఫోన్‌ లైను ఇచ్చేవారు. ఇంట్లోంచి డయల్‌ చేస్తే అవతలి మోడెమ్‌ ఫోనెత్తి, కీచుమంటూ పలకరించి, కంప్యూటర్‌కి కలిపేది. ఇప్పుడు డేటా సెంటర్లలో కన్సోల్‌ సర్వర్‌ అనే పెట్టె ఉంటుంది. పదహారో, ముప్పై రెండో సీరియల్‌ కేబుళ్లు దానికి వచ్చి చేరతాయి. ఆ పెట్టెకు సొంతంగా ఓ మొబైల్‌ సిమ్‌ వేస్తారు. ప్రధాన నెట్‌వర్క్‌ పోయినా సిమ్‌ ద్వారా లోపలికి వెళ్లొచ్చు.

ఇంట్లో సరదాగా నేర్చుకునే పిల్లలకు రాస్ప్‌బెర్రీ పై లాంటి బుల్లి కంప్యూటర్లు మంచి బడి. కానీ ఒక జాగ్రత్త. ఆ బోర్డు సూదులు 3.3 వోల్టులకే తట్టుకుంటాయి. పాత ఆర్‌ఎస్‌-232లో పన్నెండు వోల్టుల దాకా రావొచ్చు. నేరుగా తగిలిస్తే బోర్డు కాలిపోతుంది. 3.3 వోల్టుల కేబులే అడిగి తెచ్చుకోవాలి.

సిమ్‌ కార్డు ఎవరిది?

పెరటి గుమ్మం పెట్టగానే సరిపోదు. అది వీధి గుమ్మం మీద ఆధారపడకుండా ఉండాలి. ఈ పాఠం కెనడాకు చాలా ఖరీదుగా అందింది.

2022 జులై 8, శుక్రవారం తెల్లవారుజాము. అక్కడి పెద్ద టెలికం సంస్థ రోజర్స్‌ తన ప్రధాన నెట్‌వర్క్‌లో మార్పులు చేస్తోంది. ఓ రౌటర్‌లో ఉండాల్సిన వడపోత ఒకటి తొలగిపోయింది. ఆనకట్ట తెగినట్టు లక్షలాది దారుల సమాచారం ఒక్కసారిగా వచ్చి పడేసరికి ప్రధాన రౌటర్లు చేతులెత్తేశాయి. కోటీ ఇరవై లక్షల మందికి పైగా వినియోగదారులకు ఫోన్లు, ఇంటర్నెట్‌ ఆగిపోయాయి. దుకాణాల్లో డెబిట్‌ కార్డు చెల్లింపులు నిలిచాయి. ప్రాణం మీదికొస్తే చేసే 911 కాల్స్‌ కూడా ఎందరికో కలవలేదు.

ఇంజినీర్లకేమో లోపలికి దారి లేదు. యంత్రాల బాగోగులు చూసే నెట్‌వర్క్‌ కూడా పడిపోయిన ఆ ప్రధాన నెట్‌వర్క్‌ మీదే ఆధారపడి ఉంది. ఒకరితో ఒకరు మాట్లాడుకుందామన్నా సిబ్బంది ఫోన్లలో ఉన్నవి సొంత కంపెనీ సిమ్‌లే! పోటీ కంపెనీల సిమ్‌ కార్డులు తెప్పించుకోవాల్సి వచ్చింది. అసలు కారణమేంటో కనిపెట్టడానికే 14 గంటలు పట్టిందని తర్వాతి విచారణ నివేదిక తేల్చింది.

అందుకే అనుభవజ్ఞులు చెప్పే మాట ఒకటే. రెండో దారి వేరే కంపెనీది అయ్యుండాలి. దాన్ని నెలకోసారైనా తీసి చూస్తుండాలి. ఏళ్ల తరబడి తెరవని పెరటి తలుపు అవసరానికి తెరుచుకోదు. తుప్పు పట్టిన గడియ అప్పుడే మొరాయిస్తుంది!

దొంగలకూ అదే దారి

ఇంటివాళ్లకు పనికొచ్చే గుమ్మం దొంగకీ పనికొస్తుంది. 1983లో వచ్చిన హాలీవుడ్‌ సినిమా ‘వార్‌గేమ్స్‌’లో ఓ కుర్రాడు వీడియోగేమ్‌ కంపెనీ కంప్యూటర్‌ కోసం మోడెమ్‌తో ఓ ఊళ్లోని నంబర్లన్నీ వరసగా డయల్‌ చేయిస్తాడు. చివరికి తెలియకుండా రక్షణశాఖ కంప్యూటర్లో దూరతాడు. నంబర్లన్నీ గాలించే ఈ పద్ధతికి ఆ సినిమా మీదుగానే ‘వార్‌ డయలింగ్‌’ అనే పేరొచ్చింది.

దానికి విరుగుడుగా కొన్ని సంస్థలు ఓ చిట్కా వాడేవి. ఫోన్‌ రాగానే మోడెమ్‌ పేరు, పాస్‌వర్డ్‌ అడిగి, లైను పెట్టేస్తుంది. తర్వాత తన దగ్గర ముందే రాసిపెట్టుకున్న నంబరుకి తనే తిరిగి ఫోన్‌ చేస్తుంది. పాస్‌వర్డ్‌ దొంగిలించినవాడికి ఆ ఇంటి ఫోన్‌ దొరకదు కదా! ఇప్పుడైతే కన్సోల్‌ సర్వర్‌కి బలమైన పాస్‌వర్డ్‌తో పాటు రెండో తాళంగా ఓటీపీ లాంటిది పెడుతున్నారు. ఎవరు ఎప్పుడొచ్చి ఏం టైపు చేశారో రాసిపెట్టే ఏర్పాటూ ఉంటుంది.

2400 కోట్ల కిలోమీటర్ల అవతల...

ఇవన్నీ ఒకెత్తు. మనిషి చేతికందని దూరంలో ఉన్న కంప్యూటర్‌ పాడైతే?

1977లో నాసా పంపిన వాయేజర్‌-1 వ్యోమనౌక 2023 నవంబరులో అర్థంలేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. అప్పటికి అది భూమికి సుమారు 2400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కణ్నుంచి కమాండ్‌ పంపితే చేరడానికి 22 గంటల 30 నిమిషాలు. జవాబు రావడానికి మళ్లీ అంతే. అక్కడికి తీగ లేదు. కానీ మాట్లాడే తీరు మాత్రం మన పాత పద్ధతి లాంటిదే... బిట్టు వెనక బిట్టు, సెకనుకు 160 చొప్పున.

ఇంజినీర్లు నెలల తరబడి ఓపిగ్గా గాలించారు. మెమరీలో ఒక్క చిప్పు చెడిపోయిందని తేల్చారు. అందులో ఉన్న ప్రోగ్రాంని ముక్కలు చేసి, మెమరీలో ఖాళీ ఉన్న వేర్వేరు చోట్ల సర్దారు. 2024 ఏప్రిల్‌ 18న ఆ సవరణ పంపారు. రెండు రోజులు ఊపిరి బిగబట్టి చూశారు. 20వ తేదీన, అయిదు నెలల తర్వాత, వాయేజర్‌ మళ్లీ అర్థమయ్యేలా మాట్లాడింది!

వేగం లేకపోయినా ఫర్వాలేదు, హంగులు లేకపోయినా ఫర్వాలేదు. ఆపదలో మాట అందే దారి ఒకటి తెరిచి ఉంటే చాలు. కంప్యూటర్లకైనా... మనుషులకైనా!